రెండో రకం

కింది పెదవిలో సగం లేదు. షాపు అద్దంలో చూసుకుంటే ఉంది, వేలితో నొక్కితే వేలికి తెలుస్తోంది, పెదవికే తెలియట్లేదు. పళ్ల డాక్టరు సూది పొడిచి, పుచ్చిన పన్ను తవ్వి, అందులో ఏదో నింపి చిటికెలో పని ముగించాడు, తిమ్మిరి మాత్రం ఇంకో గంట ఉంటుందమ్మా, పెదవి కొరుక్కుంటారు జాగ్రత్త అన్నాడు. ఆ గంట నాది. ఫోన్‌లో ఛార్జింగ్ లేదండీ, కాసేపు ఇక్కడ పెట్టుకోనా, మందులు కొనుక్కుని వచ్చేస్తాను అని రిసెప్షన్‌లో కూర్చున్నావిడని అడిగితే తల కూడా ఎత్తకుండా ప్లగ్గు చూపించింది. కాబట్టి లెక్క ప్రకారం నేనింకా పళ్ల డాక్టరు దగ్గరే ఉన్నాను. మా ఆయన ఆఫీసులో కూర్చుని తన ఫోను తీసి చూస్తే అందులో నేనొక నీలం చుక్కని, ఆ చుక్క పళ్ల డాక్టరు బల్ల మీద బుద్ధిగా కదలకుండా కూర్చుని ఉంటుంది. చుక్కని అక్కడ కూర్చోబెట్టి మనిషిని మాత్రం రోడ్డు దాటి కంప్యూటర్ల షాపులోకి వచ్చాను. నలభై దాటిన ఆడది ఒక కంప్యూటర్ తెచ్చుకోవడానికి ఇలా దొంగలా రావడమేమిటని ఎవరైనా నవ్వుతారు. నాక్కూడా నవ్వొచ్చింది, సగం నోటికే వచ్చింది.

కొనడం కూడా కాదు. నేను ఇంట్లో కూర్చుని టైపు చేసి పెట్టే కంపెనీ వాళ్లే పాత మెషిన్లు మారుస్తున్నారు, ఫలానా షాపుకి వెళ్లి మీ కార్డు చూపించండి, రెండు రకాలున్నాయి, ఏది కావాలంటే అది తీసుకోండి, బిల్లు మేం చూసుకుంటాం అన్నారు. రెండు రకాలు. ఒకటి పెళ్లయినప్పటి నుంచీ మా ఇంట్లో ఉన్న రకం, మా ఆయన చెయ్యి తిరిగిన రకం, దాని లోపల ఏ పేగు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఆయన ఉద్యోగమే అది, పెద్ద ఆఫీసులో వందలకొద్దీ మెషిన్లకి కాపలా, అక్కడ అందరూ ఆయన్ని డాక్టరుగారూ అని పిలుస్తారు. రెండోది ఆయన ముట్టుకోని రకం. ముట్టుకోకపోగా దానికి షోకు మెషిన్ అని పేరు పెట్టాడు, ఎవరింట్లోనైనా కనిపిస్తే పాపం వీళ్లకి డబ్బు ఎక్కువైందన్నట్టు నవ్వుతాడు. కంపెనీ సంగతి చెప్పగానే, ఆదివారం ఇద్దరం వెళ్దాం, ఒక్కదానివే వెళ్తే నీకు ఏదో ఒకటి అంటగడతారు అన్నాడు, ఏ మోడల్ తీసుకోవాలో కూడా చూసి పెట్టాడు. ఇవాళ గురువారం.

షాపులో చలిగా ఉంది. పొడుగాటి బల్లల మీద ఎడమవైపు మా ఇంటి రకం, నల్లగా, కాస్త మందంగా, కుడివైపు రెండో రకం, పల్చగా, పలక మీద పలక పెట్టినట్టు. అన్నీ నోళ్లు తెరుచుకునే ఉన్నాయి, ఇప్పుడే ఆ కుర్చీ దిగి వచ్చాను కదా, నాకు అలాగే కనిపిస్తున్నాయి. బొటనవేలికి ప్లాస్టర్ వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి నిలబడింది, మా పాప కంటే మహా అయితే ఐదారేళ్లు పెద్దదేమో.

"దేనికి కావాలి మేడమ్? ఆటలకా, పనికా?"

"టైపింగ్‌కి" అన్నాను. టైఫిం దగ్గర ఆగిపోయింది. బుగ్గ చూపించాను.

"అయ్యో, పన్నా? మాట్లాడకండి మేడమ్, చేత్తో చూపించండి చాలు. అయినా టైపింగ్‌కైతే ఏదైనా ఒకటే."

ఏదైనా ఒకటే. ఆ పిల్ల ఎంత తేలిగ్గా అనేసింది. నేను తల ఊపి కుడివైపు బల్ల ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాను, చూసుకోండి మేడమ్, నేనిక్కడే ఉంటాను అని తను ఇంకెవరి దగ్గరికో వెళ్లింది. మీటల మీద చేతులు పెట్టాను. మెత్తగా ఉన్నాయి, లోతు లేదు, నీళ్లనుకుని కాలు పెడితే నేల తగిలినట్టు. నా చేతులకి ఇరవై ఏళ్ల అలవాటు వేరే. పొద్దున్నించి సాయంత్రందాకా చెవుల్లో డాక్టర్ల గొంతులు, వాళ్లు రోగుల్ని చూసి గబగబా చెప్పుకుంటూ పోయిందంతా నేను విని టైపు చేస్తాను, కాలి కింద పెడల్ తొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మడమ వెనక్కి నొక్కితే చెప్పిందే మళ్లీ చెబుతుంది. ప్రపంచంలో నా కాలి కింద ఆగే మగ గొంతులు అవే. ఒకాయన మధ్యలో బిస్కెట్లు నముల్తాడు, ఒకాయన చావుబతుకుల సంగతి చెబుతూ చెబుతూ కారు తాళాలు వెతుక్కుంటాడు. ఎవరెలా చెప్పినా మొదట వచ్చే మాట మాత్రం ఒకటే ఉంటుంది చాలామటుకు, రోగి ఫిర్యాదులేమీ లేవంటోంది. ఈ మాట నేను ఎన్నిసార్లు కొట్టానో. నన్ను ఎవరైనా పరీక్ష చేసి చెప్పుకుపోతే అలాగే మొదలుపెడతారు, నడివయసు స్త్రీ, భర్త తాగడు, కొట్టడు, అరవడు, సంపాదిస్తాడు, రోగి ఫిర్యాదులేమీ లేవంటోంది. ఆ తరవాత? ఆ తరవాత ఆ డాక్టరు కూడా తాళాలు వెతుక్కుంటాడు.

మా ఆయన్ని నేను చూసింది కూడా ఒక కంప్యూటర్ వల్లనే. అప్పట్లో ఒక చిన్న ఆఫీసులో పని, నేను నెలల తరబడి తయారుచేసిందంతా ఉన్న మెషిన్ ఒకరోజు పొద్దున్న నల్లగా చచ్చిపోయింది, నేను బాత్రూంలోకెళ్లి ఏడ్చాను, మేనేజరు ఇంక నీ ఉద్యోగం కూడా పోయినట్టే అన్నట్టు చూశాడు. అప్పుడు వచ్చాడు సన్నగా, చేతిలో చిన్న పెట్టెతో, ఎవరితోనూ మాట్లాడకుండా ఆ మెషిన్ ముందు కూర్చున్నాడు, భోజనానికి కూడా లేవలేదు. సాయంత్రానికి నన్ను పిలిచి, మీవేనా చూసుకోండి అన్నాడు. అన్నీ ఉన్నాయి. నేను పనికిరావని ఎప్పుడో తీసిపారేసినవి కూడా ఉన్నాయి. "ఇవి నేను చెరిపేశానే" అంటే, "చెరిపితే పోవండీ, ఎక్కడో ఉంటాయి, వెతకడం తెలియాలి" అన్నాడు. ఎంత మురిసిపోయానో. మనిషిని చూసి కాదు, ఆ మాట చూసి పెళ్లి చేసుకున్నాను. ఏదీ పోనివ్వని మనిషి దొరికాడని మా చెల్లికి చెప్పి గంతులు వేశాను. అది బెదిరింపు కూడా కావచ్చని ఇరవై రెండేళ్ల పిల్లకి ఎలా తెలుస్తుంది.

మొదట్లో అంతా సుఖమే. మెషిన్ మందగిస్తే ఆయన చూసుకునేవాడు, పాస్‌వర్డ్ మర్చిపోతే ఆయన చెప్పేవాడు, అసలు పాస్‌వర్డులన్నీ ఆయనే పెట్టేవాడు, నీకెందుకు ఈ గొడవంతా, నువ్వు హాయిగా పని చేసుకో అనేవాడు. హాయిగా పని చేసుకున్నాను. ఎప్పుడు మొదలైందో చెప్పమంటే చెప్పలేను, నాకు తెలిసింది మాత్రం నీళ్ల దగ్గర. ఒకరోజు మధ్యాహ్నం ఊరికే, నిజంగా ఊరికే, మా చెల్లి ఉండే ఊళ్లో అద్దె గదులు ఎలా ఉంటాయో చూశాను. ఎందుకు చూశానని నన్ను నేను కూడా అడగలేదు, కిటికీలున్న గదుల ఫోటోలు చూసి మూసేశాను. మర్నాడు అన్నం తింటూ ఆయన, "మీ చెల్లి వాళ్ల ఊళ్లో నీళ్లు అస్సలు బాగోవట, జుట్టంతా ఊడిపోతుందిట" అన్నాడు. మా మాటల్లో చెల్లి లేదు, ఊరు లేదు, నీళ్లు లేవు. నేను మజ్జిగ పోసుకుంటున్నాను. అవునా అన్నాను.

మనసు పాడైపోయి అలా అనిపిస్తోందేమో అనుకుని, చూద్దామని, ఇంకొకరోజు కూర్చుని ఎడమ మోకాలు నొప్పికి ఏం చెయ్యాలి అని వెతికాను. నాకు మోకాలు నొప్పి లేదు. నోట్లోంచి ఆ మాట రాలేదు, ఇంట్లో కుంటలేదు, చెయ్యి మోకాలి మీద వేసుకోలేదు. రెండో రోజు సాయంత్రం ఆయన చేతిలో సంచి, సంచిలో పట్టీ, పూసుకునే మందు. "ఎక్కువసేపు పెడల్ తొక్కుతావు కదా, ముందు జాగ్రత్తగా ఉంటుందని" అన్నాడు. ఎడమ కాలిదే తెచ్చాడు. నా పెడల్ కుడి కాలి కింద ఉంటుంది. కిందికి వంగి తనే కట్టాడు, బిగుతుగా ఉందా అని అడిగాడు, అంత ప్రేమగా అడిగాడు. లేని నొప్పికి నెల్లాళ్లు కట్టుకుని తిరిగాను ఆ పట్టీ. ఒక్కోసారి కుంటడం మర్చిపోయేదాన్ని, గుర్తు తెచ్చుకుని కుంటేదాన్ని. ఆ నెల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలీదు. తగ్గిందన్నాక ఆయన ముఖంలో ఎంత తృప్తి.

"కాఫీ ఏమైనా, మేడమ్? ఓ, మీరు తాగకూడదు కదా" అంటూ ఆ పిల్ల పక్కనుంచి వెళ్లింది. పెదవి చివర చిన్న చీమ పాకినట్టు ఉంది, తిమ్మిరి అంచు కరుగుతోంది. త్వరగా తేల్చుకోవాలి. ఎడమవైపుదా, కుడివైపుదా. తేల్చుకోవడానికేముంది, ఎడమవైపుది తీసుకుంటే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆదివారం దాకా ఆగక్కర్లేదని తెచ్చేశానండీ, మీరు చెప్పిందే అంటే మెచ్చుకుంటాడు కూడా. అమ్మ బతికుంటే అదే అనేది, దాచుకోవలసినంత రహస్యాలు నీకేమున్నాయే తల్లీ, మొగుడే కదా చూస్తే ఏం అనేది. నిజమే. నాకు రహస్యాలు లేవు. ఎవరితోనూ ఏమీ లేదు, ఒక చీర కూడా దాచి కొనుక్కోలేదు. రహస్యం లేని మనిషి తలుపేసుకోవాలనుకుంటే ఎవరికి నచ్చజెబుతుంది? బాత్రూం గడియ పెట్టుకునేది లోపల దొంగతనం చెయ్యడానికా?

మా చెల్లి సంగతి మాత్రం నేను ఎక్కువసేపు తలుచుకోను. తలుచుకుంటే ఇక్కడే, ఈ బల్ల మీదే ఏదో పగలగొడతాను. కిందటేడు దానికి రొమ్ములో గడ్డ తీశారు. ఆపరేషన్‌కి ముందు నాకు మెయిల్ రాసింది, అక్కా, భయంగా ఉంది, పది రోజులు నా దగ్గర ఉండవూ అని. ఆ మాట నాకు చేరలేదు. జవాబు మాత్రం వెళ్లింది, నా పేరుతో, నా మాటతీరులో, పాపకి పరీక్షలు, కుదరదే, ధైర్యంగా ఉండు అని. అది ఒక్కతీ ఆస్పత్రికి వెళ్లింది, ఒక్కతీ వచ్చింది. ఇదంతా నాకు తెలిసింది అంతా అయిపోయాక, ఫోన్‌లో, స్పీకరు పెట్టి మాట్లాడుతుంటే, అది ముక్తసరిగా "పాప పరీక్షలు బాగా రాసిందా?" అన్నప్పుడు. ఏ పరీక్షలు అని నాలుక చివరిదాకా వచ్చింది. "భయంగా ఉంది, పది రోజులు ఉండవూ అని నేను రాస్తే కుదరదే, ధైర్యంగా ఉండు అన్నావు. నా ఆపరేషన్‌కి నువ్వు రాకుండా ఉన్నది వాటికోసమేగా" అంది. కిటికీ దగ్గర ఆయన కుర్చీలో కూర్చుని నారింజ పండు వలుస్తున్నాడు. తల ఎత్తలేదు, చెయ్యి మాత్రం ఆగింది, బొటనవేలు తొక్కలో దిగి అలాగే ఆగింది. నేను ఆ వేలు చూస్తూ, "ఆ, బాగా రాసింది" అన్నాను. చెయ్యి మళ్లీ కదిలింది. తొక్క తెగకుండా ఒకే చుట్టుగా వచ్చింది. నాలుగు తొనలు తీసి నా చేతిలో పెట్టాడు, నేను తిన్నాను. మా చెల్లి అప్పటినుంచీ నాకు పండగలకి శుభాకాంక్షలు తప్ప ఏమీ రాయదు. నేను దానికి ఏమని రాయను? దేనిమీద రాయను?

అయినా ఇవన్నీ భరించాను, నిజం చెప్పాలంటే ఇవాళ రోడ్డు దాటించింది ఇవి కాదు. పోయినవారం పాప అన్నం కలుపుకుంటుంటే దాని ముంజేతి మీద సిరా మరకలు కనిపించాయి, సగం సగం అక్షరాలు. ఏమిటే అది అంటే చెయ్యి వెనక్కి లాక్కుంది. తరవాత వంటింట్లోకి నా వెనకే వచ్చి, గిన్నెల చప్పుడు చాటున చెప్పింది, బడిలో తనూ స్నేహితురాలూ చెప్పుకోవలసినవన్నీ చేతుల మీద రాసుకుంటారట, ఇంటికి వచ్చేముందు కడిగేస్తారట, ఆ రోజు సబ్బు దొరకలేదట. "ఫోన్‌లో మాట్లాడుకోవచ్చుగా" అన్నాను, తెలిసే అన్నాను. అది నన్ను చూసిన చూపు. "నాన్నకి కనిపించనిది ఇదొక్కటే అమ్మా. నీకు తెలీదా?" అంది. జాలిగా అంది. నేనింకా ఏమీ తెలియనిదాన్నని, నాకు చెబితే బాధపడతానని అది ఎన్నాళ్లనుంచి నోరు మూసుకుందో. పదిహేనేళ్ల పిల్ల, రాసుకున్నది నీళ్లతో పోతుందో లేదో చూసుకుని మాట్లాడుకుంటోంది. అది పుట్టినప్పుడు దాని గుప్పిట విప్పి చూసి ఆ గీతలెంత సన్నగా ఉన్నాయోనని ఆశ్చర్యపోయాను.

షాపు పిల్లని పిలిచాను. చేత్తో కుడివైపు బల్ల చూపించాను.

"ఇదేనా మేడమ్? ఇంట్లో ఇదివరకు వాడారా ఈ రకం?"

తల అడ్డంగా ఊపాను. "కాలితో తొక్కే పెడల్ ఉంది. దీనికి పట్టదేమో."

"చిన్న ముక్క ఒకటి వస్తుంది, మధ్యలో తగిలిస్తే పడుతుంది, నేనిస్తాను. ఫైళ్లు అవీ మార్చుకోవాలంటే పాతది కూడా తెండి, మావాళ్లు పాతదాంట్లో ఉన్నవన్నీ ఇందులో పోసేస్తారు."

"వద్దు" అన్నాను. ఆ మాట ఒక్కటే స్పష్టంగా వచ్చింది. "పాతవేమీ వద్దు."

లోపల్నుంచి పెట్టె తెచ్చింది, పైన కాగితం చింపింది, మెషిన్ తీసి నా ముందు పెట్టింది, తెల్లటి వెలుగు వచ్చింది. నేను మనసులో ఆయనకి జవాబులు కూర్చుకుంటున్నాను, పరీక్షకి చదువుకున్నట్టు. ప్రింటర్‌కి తగలదు అంటాడు, కంపెనీవాళ్లు తగిలిస్తారట అనాలి. ఫైళ్లు తెరుచుకోవు అంటాడు, ఇప్పుడంతా నెట్‌లోనే అనాలి. కళ్లకి మంచిది కాదు అంటాడు, బరువు తక్కువ అనాలి. అన్నిటికీ జవాబు ఉంది. మరి ఎందుకు తీసుకున్నావని సూటిగా అడిగితే? నువ్వు ఇది వాడటం రాని మనిషివి కాబట్టి. ఇరవై ఏళ్లలో నీకు రానిది ఒక్కటి కనిపించింది, అందుకని. ఈ జవాబు ఎక్కడ పెట్టాలి.

"ఇదిగో మేడమ్, ఇక్కడ మీ పేరు, ఇక్కడ పాస్‌వర్డ్. కొట్టుకోండి, నేను చూడను" అని ఆ పిల్ల నాకు వీపు పెట్టి నిలబడింది. గోడ వైపు తిరిగి, చేతులు కట్టుకుని, నేను పిలిచేదాకా తిరగనన్నట్టు. రోజుకి ఎంతమందికి అలా తిరుగుతుందో, దానికది ఉద్యోగం. నాకు మాత్రం కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఇదేం కర్మ, ఒకరు అటు తిరిగి నిలబడితే ఏడుపొస్తుందా ఎవరికైనా. ముక్కు తుడుచుకుని మీటల మీద చేతులు పెట్టాను. ఏం పెట్టను? అమ్మ పేరు. ఆయనకి తెలుసు. పాప పుట్టినరోజు. తెలుసు. చిన్నప్పుడు నేను పెంచుకున్న కుక్కపిల్ల, వీధి పేరు, నాకు లెక్కలు చెప్పిన టీచరు, జ్వరం వస్తే నేను పలవరించే మాట, చెల్లినీ నన్నూ నాన్న పిలిచే ముద్దుపేర్లు, అన్నీ తెలుసు. పెళ్లైన కొత్తలో రాత్రిళ్లు పడుకుని నేనే చెప్పాను, నవ్వుతూ, ఒక్కటి మిగల్చకుండా, ఒలకబోసినట్టు చెప్పాను. ఒక్కో మాటా తీసి చూస్తున్నాను, ప్రతిదాని మీదా ఆయన వేలిముద్ర ఉంది. నాలో ఆయనకి తెలియని మాట ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంత పెద్ద మనిషిని, ఇన్నేళ్లు బతికాను, నా ఒంట్లో నాది అనుకునే ఒక్క మాట లేదు. తెల్లటి పెట్టెలో సన్నటి గీత వెలుగుతూ ఆరుతూ నిలబడింది. ఆ పిల్ల తిరగలేదు, తొందరపెట్టలేదు. వెనక ఎవరో ధర అడుగుతున్నారు.

వెనక్కి వెతికితే దొరకదని అప్పుడు తట్టింది. వెనక ఉన్నదంతా ఆయనదే. ఇవాళ రోడ్డు దాటాక జరిగింది మాత్రమే నాది. అందులోంచి ఒక మాట తీసుకున్నాను, కొట్టాను, మళ్లీ కొట్టమంది, మళ్లీ కొట్టాను. తీసుకుంది. అదేమిటో ఇక్కడ కూడా చెప్పను.

పెట్టె సంచిలో పెట్టుకుని రోడ్డు దాటేసరికి పెదవి మొత్తం వెనక్కి వచ్చింది, దానితోపాటు పన్ను కూడా సలపడం మొదలుపెట్టింది. రిసెప్షన్‌లో ఆవిడ ఫోను తీసి ఇస్తూ మొదటిసారి నా ముఖంలోకి చూసింది, నలభై ఏళ్లుంటాయేమో ఆవిడకీ. "మీవారు రెండుసార్లు చేశారమ్మా. ఇంకా లోపల కుర్చీలోనే ఉన్నారని చెప్పాను" అంది. నేను ఆవిణ్ణి చెప్పమనలేదు. సంచి వైపు చూసింది, అదేమిటని అడగలేదు. థాంక్సండీ అంటే, చల్లటి నీళ్లు పుక్కిలించండి అని మళ్లీ కాగితాల్లోకి తల దించేసుకుంది.

సాయంత్రం ఆయన వచ్చి భోజనాల బల్ల మీద దాన్ని చూశాడు. దాచలేదు నేను, కావాలనే అక్కడ పెట్టాను. పాప కంచం ముందు కూర్చుని ఉంది. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, ఒక్క వేలితో దాన్ని తన వైపు తిప్పుకున్నాడు, పక్కింటివాళ్ల ఎంగిలి కంచం తిప్పినట్టు.

"షోకు మెషిన్ తెచ్చావే" అన్నాడు నవ్వుతూ. "ఆదివారం వెళ్దామనుకున్నాం కదా?"

"పంటికోసం అటు వెళ్లాను. ఎదురుగానే షాపు."

"ఎప్పుడు వెళ్లావు? నీ ఫోను అంతసేపూ డాక్టరు దగ్గరే ఉందిగా."

అనేశాక ఆయనకి తెలిసింది ఏమన్నాడో. చూస్తున్నానని ఇన్నేళ్లలో ఆయన నోటితో చెప్పడం అదే మొదటిసారి. ఇంట్లో ముగ్గురికీ తెలిసిన సంగతి, ముగ్గురిలో ఎవరూ పైకి అనని సంగతి, కంచాల మధ్య వచ్చి కూర్చుంది. పాప ముద్ద నోటి దగ్గర ఆగింది.

"ఫోను అక్కడే ఉంది. నేను లేను" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కంచం ముందు కూర్చున్నాడు. తరవాత మామూలు గొంతుతోనే, "సరేలే, తెచ్చావు కదా. పాస్‌వర్డ్ చెప్పు, నీకు కావలసినవన్నీ ఎక్కించి పెడతాను. ఈ రకం నాకూ కొత్తే, వారం రోజుల్లో నేర్చేసుకుంటాను" అన్నాడు.

చదువుకున్న జవాబుల్లో ఇది లేదు. నేర్చుకుంటాడని నాకు తట్టనేలేదు. నిజమే, ఎందుకు నేర్చుకోడు, ఆయనకి ఓపికెక్కువ, భోజనానికి కూడా లేవని మనిషి.

"చెప్పను" అన్నాను.

"ఏమిటీ?"

"పాస్‌వర్డ్. చెప్పను."

"అందులో దాచుకునేంత ఏముంది నీకు?"

"ఏమీ లేదు. ఇవాళే తెచ్చాను కదండీ, ఖాళీగా ఉంది."

ఆయన కోప్పడలేదు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచే మనిషే అయితే నేను ఎప్పుడో ఎవరికో ఒకరికి చెప్పుకునేదాన్ని. అన్నం పూర్తిగా తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, ఒక్కో వేలూ తుడుచుకున్నాడు, హాల్లోకి వెళ్లి గోడ మీద రౌటర్ ఆర్పి, దాని తీగ లాగి, చక్కగా చుట్ట చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "లోపల ఏముందో తెలియని మెషిన్‌ని మన ఇంటి నెట్‌కి తగిలించలేను కదా. నీకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పు. నీ మంచికే" అన్నాడు. టీవీ పెట్టుకుని కూర్చున్నాడు. నెట్ లేకపోతే పొద్దున్నకి డాక్టర్ల గొంతులు రావు, ఒకరోజు చూస్తారు, రెండో రోజు కంపెనీవాళ్లు అడుగుతారు, మూడో రోజు ఇంకొకరికి ఇస్తారు. ఆయనకి ఇదంతా నాకంటే బాగా తెలుసు. మెషిన్ మారిస్తే చాలనుకున్నాను, గోడలు కూడా ఆయనవే.

గిన్నెలు సర్దలేదు. మెషిన్ తీసుకుని గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చున్నాను, మూత తెరిచి నా మాట కొట్టాను, తెరుచుకుంది. లోపల ఏమీ లేదు. ఒక కాగితంలాంటిది తెరిస్తే తెల్లగా, పైనుంచి కిందిదాకా. దేనికీ తగిలించి లేదు, ఎక్కడికీ వెళ్లదు, ఏం రాసినా ఎవరూ చూడరు. నీళ్ల మాట రాదు, పట్టీ రాదు. చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను, ఏం రాయాలో నిజంగా తోచలేదు, ఎవరికీ కనిపించకుండా రాయడం ఎలాగో చేతులు మర్చిపోయాయి. డాక్టరు చెప్పందే వేలు కదలడం లేదు. పన్ను సలుపుతోంది. టీవీలో ఎవరో నవ్వుతున్నారు, చాలామంది ఒకేసారి. అప్పుడు కొట్టాను, ఒకటే వాక్యం, చిన్నది. నేను ఇక్కడ ఉండను.

వెనక చప్పుడైంది. నా చెయ్యి నాకు తెలియకుండానే ఎగిరి తెర మీద పడింది, అరచెయ్యి మొత్తం పరిచి.

"నేనేలే అమ్మా" అంది పాప.

చెయ్యి వెంటనే తియ్యలేకపోయాను. పాప ఆ చేతి వైపే చూస్తోంది, అది నా చేతిని చూస్తుంటే నాకూ కనిపించింది ఎలా ఉందో. మెల్లగా తీశాను. పాప వంగి చదివింది. మాట్లాడితే హాల్లోకి వినిపిస్తుందని దానికి తెలుసు. తలుపు వైపు ఒకసారి చూసి నా పక్కన మంచం మీద కూర్చుంది, మెషిన్ కొంచెం తన ఒళ్లోకి లాక్కుంది. ఈ రకం మీద ఏ అక్షరం ఎక్కడుందో దానికీ తెలియదు, కళ్లు చిట్లించి ఒక్కో మీటా వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టింది. మొదటి మాట చెరిపేసింది. ఆ స్థానంలో మనం అని కొట్టింది. చివరి మాట దగ్గరికి వెళ్లి, 'ను' తీసేసి సున్న పెట్టింది.